కత్తి కన్నా తాళమే నయం

ఇవాళ మధ్యాహ్నం భోజనాలయ్యేసరికి వాన పట్టుకుంది. బట్టలు ఆరవు, బజారుకి వెళ్లే పని లేదు, ఈ వానలో ఎవరూ రారు కూడా. టీపాయ్ గోడవైపు జరిపేసి స్కైరిమ్ అనే వీడియో గేమ్ పెట్టుకున్నాను. 2011 నవంబర్‌లో వచ్చిన పాత ఆటే, నేను ఆడేది మాత్రం 2017లో నింటెండో స్విచ్ అనే గేమ్ పరికరానికి వచ్చినది, అందులో జాయ్-కాన్‌లు, అంటే దాని రెండు పక్కలా ఉండే చిన్న కంట్రోలర్లు, విడదీసి చేతికొకటి పట్టుకుని గాల్లో ఊపితే తెరమీద కత్తి ఊగుతుంది. అమ్మ సోఫాలో చిక్కుడుకాయలు ముందేసుకుని ఈనెలు తీస్తూ, "ఎవరి మీదకే యుద్ధం?" అంది.

యుద్ధం బ్లీక్ ఫాల్స్ బారోలో. రివర్‌వుడ్ అనే ఊళ్లో కొట్టు నడిపే లూకన్ బంగారు పంజా పోయిందని లబోదిబోమంటాడు, దాని కోసం కొండెక్కి ఆ పాత సమాధిలోకి దిగాలి. సాలెగూడులో చిక్కుకుని అరిచే దొంగ, వాడి పక్కనే పైనుంచి దిగే పెద్ద సాలీడు, గోడ గూళ్లలో పడుకుని ఉండి మనం పక్కనుంచి వెళ్తుంటే లేచొచ్చే డ్రాగర్ శవాలు. ఇదంతా పాత్ర కళ్లలోంచే చూస్తాం కాబట్టి తెరమీద మన చేతులు తప్ప మనం కనిపించం, అందుకే శవం మీదకొస్తే నేను నిజంగానే ఒక అడుగు వెనక్కి వేస్తాను.

కానీ కత్తి దగ్గర నాకు పేచీ ఉంది. మొదట్లో వీరావేశంతో భుజం నుంచి ఊపేస్తాం, కాసేపయ్యాక అర్థమవుతుంది, అంత ఊపినా మణికట్టు కాస్త విదిలించినా పడే వేటు ఒకటేనని. ఇక అక్కణ్నుంచి సోఫాలో చేరగిలబడి దోమల్ని తోలుకున్నట్టు విదిలించుకుంటూ కూర్చోవడమే. ఆటలో ఇనుప కత్తి బరువు 9 అని రాసుంటుంది, నా చేతిలోదేమో దాదాపు 50 గ్రాముల ప్లాస్టిక్. ఎదుటివాడి డాలుకి తగిలితే చెయ్యి ఆగాలి కదా, ఆగదు, గాల్లో దాని దారిన అది పోతూనే ఉంటుంది. కంటిని నమ్మించొచ్చు గానీ భుజాన్ని నమ్మించలేం. అందుకే ఇప్పుడు కత్తికి బటనే నొక్కుతున్నాను.

విల్లు అలా కాదు. బటన్ నొక్కి పట్టి నారి లాగాక చేతిని రవ్వంత ఎత్తీ దించీ గురి సరిచేసుకోవాలి, అక్కడ కావాల్సింది బరువు కాదు, నిలకడ. వంగి నక్కి ఉన్నప్పుడు తెర మధ్యలో ఒక కన్ను గుర్తు వస్తుంది, అది మూసుకుని ఉన్నంతసేపూ మనల్ని ఎవరూ చూడలేదని లెక్క. ఆ కాసేపు నాకు తెలియకుండానే ఊపిరి బిగబట్టేస్తాను. మామూలు కంట్రోలర్‌తో ఇదే ఆట ఆడినప్పుడు నాకలా ఎప్పుడూ జరగలేదు.

అసలు మజా తాళాల్లో ఉంది. తాళంలో దూర్చే సన్నటి పుల్లని కాస్త తిప్పి, ఆ చోటు సరైనదో కాదో తాళాన్ని నెమ్మదిగా తిప్పి చూడాలి, చోటు తప్పైతే చేతిలో గరగరమంటుంది, ఇంకా బలవంతం చేస్తే పుల్ల పుటుక్కున విరుగుతుంది. సరైన చోటుకి దగ్గరైన కొద్దీ తాళం ఇంకాస్త ఎక్కువ తిరుగుతుంది. ఈ పని చేస్తున్నంతసేపూ ఆటలో కాలం ఆగిపోతుంది కాబట్టి కంగారు అక్కర్లేదు, కానీ పుల్లలు అయిపోతున్నాయంటే ఆ టెన్షన్ వేరు. అమ్మ చిక్కుడుకాయలు వదిలేసి తెర వైపు తిరిగింది ఇక్కడే. మా బీరువా తాళం కూడా కొంచెం వెనక్కి లాగి తిప్పితే గానీ రాదు, ఆ విద్యలో ఇంట్లో ఆమెని మించినవాళ్లు లేరు. "అంత గట్టిగా కాదు, వదిలి మళ్లీ పట్టు" అంటూ మొదలుపెట్టి చివరికి జాయ్-కాన్‌లు లాక్కుంది. ఆమెకి ఆ రాజ్యం పేరు తెలియదు, డ్రాగన్ల గొడవ పట్టదు, ఏ బటన్ ఏంటో అడగనైనా అడగలేదు, కళ్లు సగం మూసుకుని చేత్తోనే వెతుక్కుంది.

మధ్యలో టీ. రివర్‌వుడ్‌కి తిరిగొచ్చి, కత్తి ఒరలో పెట్టకుండా నిలబడి టీ గ్లాసు అందుకోబోతే చెయ్యి ఊగింది, ఎదురుగా ఉన్న కోడికి తగిలింది. ఈ ఆటలో డ్రాగన్ మీద పడితే ఊరు మన పక్షాన నిలబడుతుంది, కోడి జోలికి వెళ్తే మాత్రం ఊరంతా ఆయుధాలతో వెంటపడుతుంది. అమ్మకి ఇది చాలా న్యాయంగా అనిపించింది. "పెంచుకున్న కోడి మరి!"

సాయంత్రం వాన తగ్గేలోపు ఇంకో పెట్టె దొరికింది, గట్టి తాళం. అమ్మ చాలాసేపు కూర్చుంది, పుల్లలు బోలెడు పోయాయి, చివరికి క్లిక్‌మంది. మూత తీస్తే కాసిని బంగారు నాణేలు, ఒక మందు సీసా.

"ఇంతేనా? దీనికా ఇంత తాళం?" అంది.

ఇంకో పెట్టె ఎక్కడుందో చూడమంటూ కంట్రోలర్ మాత్రం ఇవ్వలేదు.