టోపీ మీది పదిహేడు తామరలు

కర్నూలులో మేము చదివిన పాఠశాల మైదానంలో, ఎన్‌సీసీ కవాతుకు ముందురోజు సాయంత్రం, చింతపండు గుజ్జుతో టోపీ బిళ్లను బొటనవేలు నల్లబడేదాకా తోముతూ కూర్చునేవాళ్లం. ఆ తోముడులోనే అంచు చుట్టూ ఉన్న చిన్న చిన్న తామరపూలు నాకు మొదటిసారి కనిపించాయి. అవి అలంకారానికి చెక్కినవని అనుకున్నాను. నిజానికి ఆ పదిహేడు తామరలూ విద్యార్థులకు సైనిక శిక్షణ ఇచ్చే నేషనల్ క్యాడెట్ కోర్‌కు, అంటే ఎన్‌సీసీకి, దేశంలో ఉన్న పదిహేడు డైరెక్టరేట్లకు, అంటే ప్రాంతీయ విభాగాలకు, గుర్తులు. రాష్ట్రం విడిపోయినా ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు కలిపి డైరెక్టరేట్ ఒక్కటే గనుక మన రెండు రాష్ట్రాలకూ దక్కే పువ్వు ఒక్కటే, అదీ ఒక విధంగా బాగానే ఉంది.

1948లో ఏర్పడిన ఈ దళానికి ఇప్పుడున్న మూడు రంగుల పతాకం 1954లో వచ్చింది. ఎరుపు సైన్యానిది, ముదురు నీలం నౌకాదళానిది, లేత నీలం వైమానిక దళానిది. ఇంత తక్కువ గీతలతో ఇంత స్పష్టంగా చెప్పిన గుర్తులు తక్కువేనని నా అభిప్రాయం. క్యాడెట్ హోదాను చెప్పే చేతి మీది పట్టీల లెక్క కూడా అంతే సులువు: లాన్స్ కార్పొరల్‌కు ఒకటి, కార్పొరల్‌కు రెండు, సార్జెంట్‌కు మూడు.

నాకు రెండో పట్టీ వచ్చిన రోజు మా వీధి దర్జీ దానిని తలకిందులుగా కుట్టి ఇచ్చాడు. కవాతు మొదలవడానికి పది నిమిషాల ముందు, బ్లేడుతో కుట్లు విప్పి, పిన్నీసులతో నిలబెట్టుకున్నాను.