రంగులు వెయ్యడానికి వెళ్లి రిజిస్టర్లు రాశాం

2023 జూలైలో మా హైదరాబాద్ ఆఫీసు నుంచి 12 మందిమి రెండు వారాల సేవా కార్యక్రమానికి దక్షిణాఫ్రికా వెళ్లాం. కేప్‌టౌన్ దగ్గర ఖయెలిత్షా అనే టౌన్‌షిప్‌లో చిన్నపిల్లల బడి ఒకటి మాకు అప్పగించారు. వీసాకి, పోలీస్ క్లియరెన్స్‌కి కలిపి నెలన్నర పట్టింది. పిల్లల మధ్య పని కాబట్టి క్లియరెన్స్ లేనివాళ్లని రానివ్వం అన్నారు. అది సబబే. వెళ్లేవాళ్లకి ఒక మాట: అక్కడ ప్లగ్గులు మన గీజర్‌కి వాడే పెద్ద మూడు పిన్నులవి. మామూలు ల్యాప్‌టాప్ ప్లగ్గు పట్టదు.

ఖయెలిత్షా అంటే షోసా భాషలో కొత్త ఇల్లు. 1983లో వర్ణవివక్ష ప్రభుత్వం నల్లజాతివాళ్ల కోసమని ఊరికి 30 కిలోమీటర్ల దూరంలో, ఇసుక నేల మీద దీన్ని మొదలుపెట్టింది. ఆ దూరం ఇవాళ్టికీ జనాన్ని తింటోంది. ఊళ్లో ఇళ్లల్లో, హోటళ్లలో పనిచేసే తల్లులు చీకటితోనే మినీబస్ టాక్సీ ఎక్కాలి. అందుకే ఆ బడి తెల్లవారుజామున ఐదున్నరకే తెరుస్తారు.

వ్యాన్‌లో మా గైడ్ పలకరింపులు నేర్పించాడు. ఒక్కరే ఉంటే మోలో, ఎక్కువమంది ఉంటే మోల్వేని. షోసా అనే పేరులో మొదటి అక్షరం మాత్రం ఎంతకీ పలకలేదు. చివరికి మా నాయనమ్మ ఊళ్లో ఎడ్లని అదిలించేటప్పుడు బుగ్గ పక్కనుంచి చేసే చప్పుడు గుర్తొచ్చింది. అదే ఆ అక్షరం!

బడి నడిపే పెద్దావిడని అందరూ మామా అంటారు, మనం అమ్మా అన్నట్టు. 43 మంది పిల్లలు, రెండు రేకుల గదులు. మా పని గోడలకి రంగులు వెయ్యడం. డబ్బాలు దించుకుని, పాత పెచ్చులు గీకడం మొదలుపెట్టాను. పసుపు రంగు పెచ్చు ఊడితే లోపల నీలం. నీలం కింద ఆకుపచ్చ. దాని కింద మళ్లీ పసుపు. చేతిలోకి తీసుకుంటే అట్టముక్కంత మందం ఉంది.

మామాని అడిగాను. ఏటా జూలై 18న, మండేలా పుట్టినరోజుకి, ఎవరో ఒకరు వచ్చి వేస్తారట. మండేలా ప్రజాజీవితం 67 ఏళ్లు కాబట్టి ఆ రోజు 67 నిమిషాలు సేవ చెయ్యడం అక్కడి ఆనవాయితీ. అందరూ ప్రేమగానే వస్తారు, పిల్లలు కూడా సంబరపడతారు అంది. మరి మీకేం కావాలి మామా అంటే, లోపలికి వెళ్లి ఒక ప్లాస్టిక్ సంచి తెచ్చి నా ఒళ్లో పెట్టింది. నిండా కాగితాలు.

బడి రిజిస్టర్ అయితే పేద కుటుంబాల పిల్లలకి ప్రభుత్వం 2023లో తలకి రోజుకి 17 ర్యాండ్లు ఇచ్చేది. మన లెక్కలో 75 రూపాయల పైమాటే. పిల్లల తిండికి అదే ఆధారం. కానీ దానికి హాజరు పట్టీ కావాలి, జమాఖర్చులు కావాలి, ఒక్కో బిడ్డకి జనన ధ్రువపత్రం, తల్లిదండ్రుల ఆదాయం కాగితం కావాలి. పైగా 2022 ఏప్రిల్‌లో ఈ బడులన్నీ సాంఘికాభివృద్ధి శాఖ నుంచి విద్యాశాఖ కిందికి మారాయి. ఎవరి దగ్గరికి వెళ్లాలో తెలియక మామా తిరిగి తిరిగి అలిసిపోయింది.

మా 12 మందిలో నలుగురు అకౌంట్స్ వాళ్లే. రోజూ చేసే పని పక్కన పెట్టి, చేతకాని రంగుల పనికి మమ్మల్ని పంపారని నాకు నిజంగా బాధేసింది. ఆ రాత్రే మా కోఆర్డినేటర్‌తో గట్టిగా మాట్లాడి ప్లాన్ మార్పించాం. వానాకాలం కాబట్టి నలుగురు పైకప్పు కారే చోట్లు పట్టారు. మిగతావాళ్లం కాగితాల మీద కూర్చున్నాం. రోజుకి రెండు మూడుసార్లు కరెంటు పోయేది. ల్యాప్‌టాప్ చార్జింగ్ అయిపోతే టార్చి వెలుగులో చేత్తోనే గీతలు కొట్టి రాశాం. మామా పక్కనే కూర్చుని ప్రతి పేరూ సరిచూసేది. పేరు తప్పు రాస్తే నాలుకతో చ్చ్ అని నా చెయ్యి పట్టుకుని ఆపేది.

మూడో రోజు సాయంత్రానికి 31 మంది పిల్లల ఫైళ్లు పూర్తయ్యాయి. మిగిలిన 12 మందివీ ఇళ్లల్లోనే అడగాలి. మర్నాడు వానలోనే, పిల్లల పేర్ల పట్టీ కోటు లోపల దాచుకుని, మామా ముందు నడుస్తుంటే వెనకాల మేమిద్దరం బయల్దేరాం.