మహెబూర్ సంతలో ఓట్ల లెక్క

మేం మారిషస్‌లో దిగింది 2024 నవంబర్ 1న. ఎయిర్‌పోర్టులో కొన్న సిమ్ వేస్తే ఫేస్‌బుక్ తెరుచుకోలేదు. వెనక్కి వెళ్లి కౌంటర్లో కుర్రాడితో కాస్త గట్టిగానే మాట్లాడాను. "సిమ్‌కి ఏం కాలేదు సార్, ప్రభుత్వమే ఆపేసింది" అని నవ్వాడు. 10న పార్లమెంటు ఎన్నికలు. 'మిసీ ముస్తాస్', అంటే మీసాలాయన, అనే పేరుతో ఎవరో పెద్దల ఫోన్ సంభాషణలు ఆన్‌లైన్లో వదులుతున్నారట. పోలింగ్ మర్నాటి దాకా సోషల్ మీడియా బంద్ అన్నారు. గొడవయ్యేసరికి మేం దిగిన మర్నాడే ఎత్తేశారు. పాపం ఆ కుర్రాడికి సారీ చెప్పనేలేదు.

సముద్రం చూడ్డానికి వెళ్లినవాళ్లం, ఎన్నికల్లో పడ్డాం. మహెబూర్‌లో మేం దిగిన గెస్ట్‌హౌస్ ఇంటావిడకి అరవై దాటి ఉంటాయి. మాది కాకినాడ అనగానే "నేనూ కోరంగీనే" అంది. కోరంగి రేవులో ఓడెక్కి చెరకు తోటల కూలికి వచ్చినవాళ్ల సంతతి కాబట్టి అక్కడ తెలుగువాళ్లకు ఆ పేరు పడింది. మాకేమో కోరంగి అంటే మడ అడవుల్లో పడవ షికారు. ఆవిడ తెలుగు గోవింద నామాలు, ఉగాది, అమ్మోరు పండుగ దగ్గర ఆగిపోతుంది. మిగతాదంతా క్రియోల్, మాతో ఇంగ్లిష్.

భోజనాల దగ్గర ఓటు సంగతి చెప్పింది. ఒక్కొక్కరికి మూడు ఓట్లు. దీవిలో 20 నియోజకవర్గాలు, ఒక్కోదాంట్లో ముగ్గురు గెలుస్తారు. రోడ్రిగ్స్ దీవికి ఇద్దరు. మొత్తం 62. ఆ పైన 'బెస్ట్ లూజర్' అని ఒకటుంది: ఓడినవాళ్లలో మెరుగైనవాళ్లకు ఎనిమిది దాకా సీట్లిస్తారు, సభలో ఏ వర్గానికీ చోటు లేకుండా పోకూడదని. హిందువులు, ముస్లింలు, చైనా సంతతివాళ్లు, మిగతా అందరూ అని నాలుగు ఖానాలు. తలల లెక్క మాత్రం ఇప్పటికీ 1972 జనాభా లెక్కలదే!

"మరి తెలుగువాళ్లు?"

"హిందువుల ఖానాలోనే. తమిళులూ అంతే. పండుగలప్పుడు వేరు, ఓట్లప్పుడు ఒకటి."

ఆదివారం ఆవిడతో స్కూలు గేటు దాకా వెళ్లాను. బయటికొచ్చాక మూడు ఓట్లూ ఒకే కూటమికేనా అని అడిగితే, గొడుగు విప్పుకుంటూ "ఎండగా ఉంది, పద" అంది.

లెక్కింపు మర్నాడు. సోమవారం మహెబూర్‌లో సంత. ధోల్ పూరీ బండి దగ్గర నిలబడ్డాం. బెల్లం లేని బొబ్బట్టు అనుకోండి. రెండేసి చొప్పున చిక్కుడుగింజల కూర, మిరపకాయ పచ్చడి పూసి కాగితంలో చుట్టిస్తారు. బండాయన పక్కన రేడియో. ఏదో నియోజకవర్గం పేరు వినబడితే చాలు, గరిటె గాల్లో ఆగిపోయేది. మా పూరీ మూడుసార్లు ఆగింది. లెక్కింపు పూర్తికాకముందే ప్రధాని ప్రవింద్ జగన్నాథ్ భారీ ఓటమి తప్పదని ఒప్పేసుకున్నాడు. ఆయన సొంత సీటూ పోయింది. చివరికి ఎదుటి పక్షం, నవీన్ రామ్‌గూలామ్ కూటమికి దీవిలో 60కి 60. 1982లో, 1995లో కూడా ఇలాగే ఊడ్చేశారట. 2024లోనే ఆంధ్రాలో ఒక కూటమికి 175కి 164 చూసి వచ్చినవాణ్ణి, నాకు మరీ అంత వింతగా అనిపించలేదు. మన దగ్గర ప్రతిపక్ష హోదా గురించి కొట్టుకున్నారు. అక్కడ బెస్ట్ లూజర్ పుణ్యమా అని ఓడిన కూటమికి ఇద్దరు దక్కారు, వాళ్లలో జో లెజోంగార్ ప్రతిపక్ష నేత అయ్యాడు. ఖానాల లెక్క నాకు నచ్చలేదు గానీ, ఈ ఒక్క పని మాత్రం బాగా చేసింది.

ఆ రాత్రి వీధిలో హారన్లే హారన్లు. ఇంటావిడ తలుపేసి, కోరంగి ఫొటోలుంటే చూపించమంది. నా ఫోన్లో ఉన్నవి మడ చెట్లు, చెక్కబాట, మా పిల్లలు. ఒక్కొక్కటీ వేళ్లతో పెద్దది చేసి వెతికింది.

"ఓడలేవి?"

రేవు ఎప్పుడో పూడిపోయిందని చెప్పాను. ఫోన్ వెంటనే ఇవ్వలేదు. ఇంకోసారి మొదటి ఫొటో నుంచి చూసింది.