ఆరని పసుపు దీపం

తెల్లవారుజామున వాన వెలిసింది. కూరగాయలకని బండి తీశాను. గేటు దాటాక కూడా మీటరులో ఏబీఎస్ దీపం ఆరలేదు. తాళం తిప్పగానే వెలగడం, బండి కదిలి కాస్త వేగం అందుకోగానే ఆరిపోవడం దాని పద్ధతి. ఇవాళ నయీంనగర్ నుంచి హన్మకొండ చౌరస్తా దాకా నన్నే చూస్తూ కూర్చుంది.

బ్రేకులు పడుతూనే ఉన్నాయి. దీపం వెలిగితే బ్రేకు పోయినట్టు కాదు, బ్రేకు గట్టిగా వేసినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా కాపాడే ఏబీఎస్ మాత్రం సెలవులో ఉన్నట్టు. తడి రోడ్డు మీద ఆ తేడా చిన్నదేమీ కాదు. 125 సీసీ దాటిన బండ్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి చేసిన 2019లోనే కొన్నాను దీన్ని. బ్రేకు ఒత్తిడిని అదుపు చేసే ఏబీఎస్ భాగం, మాడ్యులేటర్, పోయిందంటే ఈ నెల జీతంలో ఎంత మిగులుతుందా అని లెక్కలు వేసుకుంటూనే మెకానిక్ దగ్గరికి చేరాను.

"అన్నా, ఖర్చు ఎంతలో తేలుతుంది?" అన్నాను.

"ముందు చూడనివ్వండి సార్," అంటూ ముందు చక్రం దగ్గర చతికిలబడ్డాడు. ఒక్క బోల్టు విప్పి వేలెడంత సెన్సరును బయటికి లాగాడు. దాని కొస నల్లటి ముద్ద. బ్రేకు ప్యాడ్లు అరిగిన పొడి, పోయిన వారం ధర్మసాగర్ వైపు పొలం దారిలో తగిలిన ఎర్రమట్టి కలిసి కాటుకలా పట్టుకున్నాయి. లోపల అయస్కాంతం ఉంటుంది కాబట్టి ఇనుప రజను దానికి అంటుకుంటుందట. డిస్కు పక్కన సందులు సందులుగా ఉండే పలుచటి రింగు తిరుగుతుంటే ఆ సందులను లెక్కపెట్టడమే సెన్సరు పని. కళ్ళలో మట్టి పడితే ఏం లెక్కపెడుతుంది, పాపం!

స్క్రూడ్రైవర్‌తో గీకబోతే నా చేయి పట్టుకుని ఆపాడు. మెత్తటి గుడ్డతో తుడిచి, రింగును పాత టూత్‌బ్రష్‌తో రుద్ది బిగించాడు.

అంతటితో బయటపడ్డాననుకున్నాను. ఆయన హ్యాండిల్ మీది బ్రేకు ఆయిల్ డబ్బా మూత తీసి నా వైపు వంచాడు. కొత్తది లేత తేనె రంగులో ఉండాలి. నాది డికాక్షన్. "ఎప్పుడు మార్చారు?" అని అడిగాడు. ఇంజిన్ ఆయిల్ తేదీలు నాకు తిథుల్లా కంఠస్థం. దీన్ని మాత్రం ఒక్కసారీ మార్చలేదు. గాలిలోని తేమను మెల్లగా పీల్చుకుంటుంది కాబట్టి రెండేళ్ళకొకసారి మార్చాలట. డాట్ 4 రకం బ్రేకు ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టాక 155కే మరగవచ్చు, మరిగితే బ్రేకు సరిగ్గా పట్టదు. పైగా ఆ తేమకు ఏబీఎస్ లోపలి సన్నటి వాల్వులు తుప్పు పడతాయి. నేను భయపడిన పెద్ద ఖర్చుకు దారి వేస్తున్నది దీపం కాదు, నేనే.

నేను లివరు నొక్కి పట్టుకోవడం, ఆయన కింద పాత ఆయిల్ బయటికి వదిలే నిపిల్ వదులు చేసి మళ్ళీ బిగించడం. పారదర్శకమైన గొట్టంలో నల్లటి నూనె, బుడగలు, చివరికి లేత రంగు. ట్యాంకు మీద ఒక చుక్క పడితే వెంటనే నీళ్ళతో కడిగాడు. రంగు తినేస్తుందట.

తర్వాత వెనక ఉన్న ఖాళీ స్థలంలో, మట్టి నేల మీద ఆయనే నడిపి బ్రేకు వేశాడు. రెండోసారి నేను వేశాను. లివరు వేళ్ళ కింద గడగడమని వణికింది. దీపం అప్పటికే ఆరింది.

కూరగాయలు లేకుండానే ఇంటికి వచ్చాను. మా ఆవిడ పచ్చడి జాడీల మీద తేదీ రాసి అతికించే కాగితం ముక్క ఒకటి అడిగి తీసుకుని, సీటు కింద అతికించాను.