ఒకే కాయలో ఎన్ని గోడలు

ఆదివారం, రాత్రి.

ఈరోజు తోటలో కొబ్బరి కాయల దింపు తీయించాము. కోనసీమలో ఇది విశేషమేమీ కాదు. చెట్టెక్కే మనుషులు దొరకడమే ఈ మధ్య విశేషం. దింపు పెద్దాయన లేత బొండాం ఒకటి కొట్టి ఇచ్చారు. రేపు ఇంటర్మీడియట్ పిల్లలకు కణకవచం, అంటే కణం చుట్టూ ఉండే గోడ, పాఠం చెప్పవలసి ఉన్నందున, తాగుతున్నంతసేపూ ఆ నీళ్లు నీళ్లుగానే ఎందుకున్నాయన్న ఆలోచనే నడిచింది.

బొండాం నీరు నిజానికి గింజలోని అంకురచ్ఛదం, అంటే మొలకకు ఆహారమయ్యే భాగం. అందులో కేంద్రకాలు విభజన చెంది పెరుగుతాయి గాని, వాటి మధ్య గోడలు కట్టుకోవు. కాయ ముదిరేకొద్దీ చిప్పను ఆనుకొని ఉన్న అంచు నుంచి గోడలు ఏర్పడుతూ లోపలికి సాగుతాయి. అప్పుడే ఆ ద్రవం ముందు మీగడలా జారే లేత కొబ్బరిగా, తరువాత కోరాముకు ఆగే ముదురు కొబ్బరిగా మారుతుంది. మొక్కల కణకవచానికి సాధారణంగా ఆధారం సెల్యులోజ్: గ్లూకోజ్ అణువుల పొడవాటి గొలుసులు కట్టలుగా చేరి దారాలవుతాయి, వాటి సందుల్లో హెమీసెల్యులోజ్, పెక్టిన్ అనే వేరే చక్కెర గొలుసులు నిండుతాయి. కొబ్బరి గోడల్లో మాత్రం మానోజ్ అనే చక్కెరతో ఏర్పడే మన్నాన్ పాలు ఎక్కువ.

అదే కాయకు పైనున్న డొక్క కథ వేరు. పీచులోని కణాలు గోడలను గట్టిపరిచే లిగ్నిన్ అనే పదార్థాన్ని పట్టించుకొని చనిపోతాయి. చిప్పలోని కణాలైతే గోడను లోపలివైపు మందం చేసుకుంటూ పోయి, తమకే చోటు లేకుండా చేసుకుంటాయి. డొక్కను నీళ్లలో నానబెట్టి పీచు తీసే పద్ధతిలో సూక్ష్మజీవులు పెక్టిన్‌ను తినేస్తాయి, లిగ్నిన్ పట్టిన పీచు మాత్రం మిగులుతుంది. 1665లో రాబర్ట్ హుక్ అనే శాస్త్రవేత్త సూక్ష్మదర్శినితో బెరడు ముక్కలో చూసిన గదులు కూడా జీవం పోయిన తరువాత నిలిచిన గోడలే. పీచును అడ్డంగా పలుచగా కోసి సఫ్రనిన్ అనే రంగు వేస్తే లిగ్నిన్ పట్టిన గోడలు ఎర్రగా తేలుతాయి. పిల్లలకు బొమ్మ గీయించడం కంటే అది చూపడమే మేలు.

కణకవచం పని అడిగితే "కణానికి ఆధారమిచ్చును" అని ఒక్క ముక్క రాసి మార్కులు తెచ్చుకోవడం నాకు నచ్చదు. తోటకూర కాడ నిటారుగా నిలిచేది గోడ వల్ల ఒక్కటే కాదు, లోపలి నీరు గోడను తోయడం, గోడ ఆ తోపును ఆపడం వల్ల. నీరు తగ్గితే గోడ ఉండి కూడా కాడ వాలిపోతుంది. బాక్టీరియాకు తోపును ఆపే ఈ పని చేసేది వాటి గోడలోని పెప్టిడోగ్లైకాన్ అనే పదార్థం. దాని అల్లికను పెన్సిలిన్ అడ్డుకుంటే, నీరు చొరబడి బాక్టీరియా పగిలిపోతుంది. మన కణాలకు గోడే లేదు గనుక ఆ దెబ్బ మనకు తగలదు. పరీక్షలో అడగకపోయినా, రేపు పాఠాన్ని ఇక్కడి నుంచే మొదలుపెడతాను.