చిటికెన వేలి పక్కన 4 మిల్లీమీటర్లు

గత ఫిబ్రవరిలో గుల్మార్గ్‌లో అద్దె బూట్లు వేసుకుని ఐదు రోజులు స్కీయింగ్ నేర్చుకున్నాను. ఎందరి కాళ్ళకో వదులైపోయిన ఆ బూట్లలో నా పాదం ఒక దిక్కుకు, స్కీ మరొక దిక్కుకు పోయేవి. అందుకే వచ్చే జనవరి ప్రయాణానికి ముందే సొంత బూట్లు ఉండాలని నిశ్చయించుకుని, సెప్టెంబరులో సెకండ్‌హ్యాండ్ జత ఒకటి కొన్నాను. వాటి కొలత 26.5, ముందు భాగం వెడల్పు 100 మిల్లీమీటర్లు. ఇంటికి చేరిన సాయంత్రమే తొడుక్కుని హాల్లో నిలబడితే, పది నిమిషాలకు కుడి చిటికెన వేలి మొదట్లో ఉన్న ఎముక దగ్గర మంట మొదలైంది, పావుగంటకు మీగాలు తిమ్మిరెక్కింది. హైదరాబాద్ నగరంలో ఈ బూట్లు సరిచేసే పనివారు నాకు దొరకలేదు కాబట్టి, మూడు నెలలుగా పద్మారావునగర్‌లోని మా ఇంటి బాల్కనీలో నేనే చేసుకుంటూ వచ్చిన పనిని, చేసిన తప్పుతో సహా, కొలతలతో రాసి పెడుతున్నాను.

సెప్టెంబరు చివరి వారం

పనిముట్టు పట్టుకునే ముందు తేల్చుకోవలసింది, బూటు అసలే చిన్నదా, లేక ఒక్కచోట మాత్రమే నొక్కుతోందా అన్నది. స్కీ బూటుపై ఉండే అంకె పాదం పొడవును సెంటీమీటర్లలో చెబుతుంది, 26.5 అంటే 265 మిల్లీమీటర్ల పాదం. లోపలి మెత్తటి లైనర్‌ను బయటికి లాగేసి, ఒట్టి ప్లాస్టిక్ షెల్‌లో పాదం పెట్టి, వేళ్ళు ముందు గోడకు తగిలీ తగలనట్లు ఉంచి, మడమ వెనక మిగిలిన ఖాళీని చూడాలి. ఆ సందులో ఒక వేలు కూడా దూరకపోతే బూటు చిన్నది, రెండు వేళ్ళు దూరాక ఇంకా చోటు మిగిలితే పెద్దది. ఆ రెండు సందర్భాల్లోనూ ఇంటి వైద్యం వృథా. నాకు కుడివైపు 16, ఎడమవైపు 19 మిల్లీమీటర్లు వచ్చాయి. పొడవుకు లోటు లేదని తేలాక ప్రాణం కుదుటపడింది.

తర్వాత మడమను గోడకు ఆనించి, కాగితంపై పాదం కొలుచుకున్నాను. కూర్చున్నప్పుడు 259 మిల్లీమీటర్లు ఉన్న కుడి పాదం నిలబడగానే 265 అయింది. బరువు పడగానే అరికాలి వంపు కుంగి, పాదం పొడవుకూ వెడల్పుకూ సాగుతోందన్నమాట. బూటు కరుస్తోందని నేను అనుకున్న దానిలో కొంత భాగం, నిజానికి నా పాదమే వెళ్ళి గోడను ఢీకొనడం.

అక్టోబరు

మొదట ఖర్చు లేని మార్పులు చేశాను. చలికి రెండు జతల మేజోళ్ళు వేసుకోవడం నా అలవాటు. అది మానేసి, పలుచని ఉన్ని మేజోళ్ళు ఒక్క జతే వేసుకున్నాను. బూటులో మందం పెరిగితే రక్తప్రసరణ తగ్గి పాదం మరింత చల్లబడుతుంది, నూలు మేజోడు చెమటను పట్టి ఉంచుకుంటుంది. తొడిగే వరుస కూడా మార్చాను. మడమను నేలకు రెండు మూడుసార్లు తట్టి వెనక్కి కూర్చోబెట్టి, ముందుగా పైనున్న బకిళ్ళు బిగించి, మోకాళ్ళు ముందుకు వంచి, ఆ తర్వాతే పాదం మీది బకిళ్ళను ఆనీ ఆననట్లు పెట్టాలి. ఇలా చేస్తే నిటారుగా నిలబడినప్పుడు ముందు గోడకు తగిలే వేళ్ళు, మోకాళ్ళు వంచగానే వెనక్కి జరుగుతాయి. ఇంతకాలం నేను కింది బకిళ్ళను ముందు బిగించి, మడమ వెనక్కి పోయే దారిని నేనే మూసేస్తున్నాను.

బూటుతో వచ్చే లోపలి అట్ట పలుచగా, వంపు అనేదే లేకుండా ఉంటుంది. దాన్ని తీసేసి, ఈవీఏ అనే గట్టి నురగ షీటుతో అరికాలి వంపును మోసే అట్టను కోసి అమర్చాను. వంపు కింద ముక్క మరీ ఎత్తయితే అరికాలిలో పోట్లు పుడతాయి. 8 మిల్లీమీటర్లతో మొదలుపెట్టి, గరుకు కాగితంతో రుద్దుతూ 5 దగ్గర ఆగాను. దానిపై నిలబడి కొలిస్తే పాదం 262 వచ్చింది. షెల్‌ను తాకకుండానే నొప్పి సగానికి తగ్గింది. ఎవరైనా సరే, షెల్‌ను వేడిచేయడానికి హీట్ గన్ (వేడి గాలి ఊదే పనిముట్టు) కొనే ముందు ఈ పని చేయాలని గట్టిగా చెబుతాను.

నవంబరు

మిగిలింది చిటికెన వేలి ఎముక. అది షెల్‌లో సరిగ్గా ఎక్కడ ఒత్తుతుందో బయటి నుంచి ఊహిస్తే ఒక సెంటీమీటరు తప్పినా పని పాడవుతుంది. ఉత్త లైనర్ తొడుక్కుని, పైనుంచి ఎముకను వేలితో తడిమి, అక్కడ కొబ్బరినూనెలో కలిపిన కుంకుమతో బొట్టు పెట్టాను. లైనర్‌తో సహా పాదాన్ని షెల్‌లోకి జాగ్రత్తగా దించి, ఒకసారి బరువు వేసి బయటికి తీస్తే, షెల్ లోపలి గోడపై బఠానీ గింజంత ఎర్ర మచ్చ అంటుకుంది. బయట దానికి ఎదురుగా పెన్సిల్‌తో గుర్తు పెట్టుకున్నాను.

ఆ చోట షెల్‌ను వేడిచేసి బయటికి ఉబ్బించాలి. నా షెల్ పాలీయురేథేన్ అనే ప్లాస్టిక్. అది వేడికి మెత్తబడి, చల్లారాక కొత్త ఆకారాన్ని నిలుపుకుంటుంది. ముందు భాగాన్ని మరిగే నీళ్ళలో ముంచే పద్ధతి తెలిసినా, దాన్ని వద్దనుకున్నాను. నీళ్ళలో ముంచితే అడుగు భాగం కూడా మెత్తబడుతుంది. బూటును స్కీకి బిగించే బైండింగ్ దాన్ని పట్టుకునేది ముందూ వెనకా ఉన్న అంచులతోనే. వాటి ఆకారం స్కీ బూట్ల అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్ఓ 5355 ప్రకారం ఉంటుంది. అవి వంకరపోతే, పడినప్పుడు స్కీ విడిపోవలసిన సమయంలో విడిపోక కాలు విరిగే ప్రమాదం ఉంది. అందుకే రాణీగంజ్‌లో ఒక హీట్ గన్, జ్వరం చూసేది కాకుండా వస్తువుల వేడిని కొలిచే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు, 10 మిల్లీమీటర్ల బోల్టు, దానికి పొడవాటి నట్టు కొన్నాను. వడ్రంగి దగ్గర రెండు టేకు ముక్కలు చేయించాను. ఎముక వైపు ముక్కకు నిమ్మకాయ చెక్కంత గుండ్రటి బుడిపె ఉంటుంది. రెండో వైపు ముక్క వెడల్పుగా ఉండి బలాన్ని పరుస్తుంది కనుక అటు గోడ ఉబ్బదు. నట్టు తిప్పుతున్నకొద్దీ రెండు ముక్కలూ దూరం జరుగుతాయి.

మొదటి ప్రయత్నం విఫలమైంది. లైనర్‌నూ, దాని కింద ఉండే ప్లాస్టిక్ పలకనూ తీసేసి, ముక్కలు లోపల అమర్చి, బాల్కనీలో గాలి ఆడే చోట హీట్ గన్‌ను జానెడు దూరంలో కదుపుతూ ఆరు నిమిషాలు వేడిచేశాను. ఉపరితలం 90 డిగ్రీలు దాటకుండా చూసుకున్నాను. ఒకే చోట ఆపితే ప్లాస్టిక్ మెరిసి, ఆపై బుడగలు వస్తాయి. నట్టు తిప్పి 5 మిల్లీమీటర్లు ఉబ్బించి, చేతికి చల్లగా తగులుతోందని అరగంటలో ముక్కలు తీసేశాను. మర్నాటికి ఉబ్బు దాదాపు పూర్తిగా మాయమైంది.

ఆ షెల్‌ను మా వీధి చివర చెప్పులు కుట్టే పెద్దాయనకు చూపించాను. తోలు బూట్లను ఫర్మా (లోపల పెట్టే పాదం ఆకారపు అచ్చు) పెట్టి సాగదీయడంలో ఆయనకు నలభై ఏళ్ళ అనుభవం ఉంది. గోడను బొటనవేలితో నొక్కి చూసి, “ఇది తోలు లెక్క కాదు సార్, మందం బాగుంది. పైన సల్లారితే లోపల సల్లారినట్టు కాదు. రాత్రంతా ఫర్మా తీయొద్దు. ఎంత కావాల్నో అంతకన్న జర ఎక్కువ గుంజుండ్రి, మల్ల ఎన్కకు వస్తది” అన్నారు. డబ్బులిస్తే తీసుకోలేదు, టీ మాత్రం తాగారు.

ఆయన చెప్పినట్లే ఈసారి 8 మిల్లీమీటర్లు ఉబ్బించాను. వేడిని ఆపకుండానే నట్టును పావు చుట్టు చొప్పున తిప్పి, మధ్యలో నిమిషం ఆగి, మళ్ళీ తిప్పాను. పైన తడి గుడ్డ చుట్టి, పన్నెండు గంటలు అలాగే వదిలేశాను. మర్నాడు 5, వారం తర్వాత 4 మిల్లీమీటర్లు మిగిలాయి. ఆ 4 చాలు. ఇప్పుడు అక్కడ వేలు పెడితే లోపలి గోడలో చిన్న గిన్నెలాంటి గుంట తగులుతుంది, ఎముక అందులో ఒదిగి కూర్చుంటుంది. ఆ రోజు గంటన్నర నిలబడ్డాను. ఎముకపై ఎర్రదనం కూడా రాలేదు.

మీగాలి తిమ్మిరికి పని చిన్నదే. అడుగున ఉన్న ప్లాస్టిక్ పలకను కింది వైపు నుంచి సమంగా 2 మిల్లీమీటర్లు అరగదీస్తే పాదం అంత మేర దిగి, పైన చోటు వచ్చింది. ఇంకా అరగదీయాలనిపించినా ఆగాను, ఎందుకంటే పాదం దిగినకొద్దీ చీలమండ ఎముకలు కూడా తమ గుంటల నుంచి కిందికి జారుతాయి. తీసేసిన ప్లాస్టిక్ తిరిగి రాదు కనుక ఈ పనిలో తొందర తగదు.

డిసెంబరు

లైనర్‌ను పాదానికి అచ్చుపోయడానికి బియ్యం వాడాను. కిలో సోనామసూరి బియ్యాన్ని రెండు నూలు మేజోళ్ళలో సగం సగం పోసి, మైక్రోవేవ్‌లో వేడెక్కించి, పది నిమిషాలు లైనర్లలో ఉంచి తీసి, వేళ్ళ చివర నురగ టోపీ తొడుక్కుని అందులో నిలబడ్డాను. స్కీ దుకాణాల్లో లైనర్లను వేడిచేసే పొయ్యి ఇచ్చేంత వేడి బియ్యం ఇవ్వదు, అయినా చీలమండల చుట్టూ లైనర్ చక్కగా ఒదిగింది. “ఆ బియ్యం మళ్ళీ డబ్బాలో కలపకురా నాన్నా” అని అమ్మ చెప్పింది కనుక వాటిని వేరే సీసాలో పోసి, చీటీ అంటించాను.

ఇక ఈ ఊళ్ళో పని చేసేవారు తప్పక గుర్తుంచుకోవలసిన విషయం ఒకటుంది. పాలీయురేథేన్ చలికి బిరుసెక్కుతుంది, వేడికి మెత్తబడుతుంది. 30 డిగ్రీల గదిలో హాయిగా సాగిన షెల్, సున్నాకు దిగువన అలా సాగదు. పైగా ఇక్కడి వేడికి పాదాలు ఉబ్బి ఉంటాయి. అంటే హైదరాబాద్‌లో షెల్ ఉన్నదానికంటే మెత్తగా, పాదం ఉన్నదానికంటే లావుగా కనిపించి, రెండు వైపులా మనల్ని తప్పుదారి పట్టిస్తాయి. అందుకని కుడి షెల్‌ను సంచిలో చుట్టి, ఒక రాత్రి ఫ్రిజ్ కింది అరలో ఉంచి, తెల్లవారుజామున తొడుక్కున్నాను. ముందురోజు చేతితో సులువుగా పడిన రెండో బకిల్, ఈసారి దాన్ని తగిలించే పళ్ళ వరుసలో ఒక పన్ను వెనకే ఆగిపోయింది. దాని కడ్డీని మూడు చుట్లు విప్పి పొడవు చేశాను. చిటికెన వేలి దగ్గర మాత్రం ఏ నొప్పీ లేదు.

ఎడమ బూటులో మడమ లోపలి వైపు ఇంకా ఒక చోట రాపిడి ఉంది. దాన్ని ఇక్కడ ముట్టుకోను. సంచిలో 2 మిల్లీమీటర్ల ఈవీఏ ముక్కలు, గరుకు కాగితం, కత్తెర, చిన్న కుంకుమ భరిణె పెట్టుకున్నాను. గుల్మార్గ్‌లో మొదటి రోజు మధ్యాహ్నం బూటు విప్పి, ఎర్రబడిన చోటు చూశాకే కోస్తాను.