నెట్ లేనప్పుడు తెరుచుకోవలసిన పేజీ

చెన్నైలో ఇళ్లకు ఫైబర్ ద్వారా ఇంటర్నెట్ అందించే ఒక సంస్థలో నేను వెబ్ డెవలపర్‌గా పనిచేస్తున్నాను. ఇంటర్నెట్ కంపెనీ అనగానే స్తంభాల మీద తీగలు లాగేవారో, ఫోనులో ఫిర్యాదులు వినేవారో గుర్తుకు వస్తారు గానీ, వారు చూసుకునే తెరలనూ, ఖాతాదారు డబ్బు కట్టే పేజీనీ, ఫిర్యాదు నమోదయ్యే యాప్‌నూ రాసే బృందం ఒకటి ఉంటుందని చాలామందికి తోచదు. బట్టలమ్మే సైటుకో బ్యాంకు సైటుకో వచ్చేవారి దగ్గర నెట్ ఉండనే ఉంటుంది. మా పేజీతో అవసరం మాత్రం సరిగ్గా నెట్ పోయినప్పుడే పడుతుంది. ఈ ఒక్క తేడాయే మా పని పద్ధతినంతా నిర్ణయించాలని నా గట్టి అభిప్రాయం.

ముందుగా గడువు తీరిన ఖాతా సంగతి చూద్దాం. ప్లాను గడువు ముగియగానే, ఏ ఖాతాకు ఎంత నెట్ ఇవ్వాలో చెప్పే రేడియస్ సర్వర్ ఆ ఇంటి కనెక్షన్‌ను పూర్తిగా తెంచివేయదు. మా రీఛార్జ్ పేజీ, చెల్లింపుల గేట్‌వే వంటి కొద్ది చిరునామాలు మాత్రమే తెరుచుకునే స్థితిలో ఉంచుతుంది. సైట్లలో ఎక్కువభాగం గుప్తీకరణ లేని హెచ్‌టీటీపీ మీద నడిచిన కాలంలో ఖాతాదారు ఏ చిరునామా కొట్టినా మా పేజీకి మళ్లించడం సులభంగా ఉండేది. గుప్తీకరించి పంపే హెచ్‌టీటీపీఎస్ వచ్చాక ఆ మళ్లింపును బ్రౌజర్ మోసంగా భావించి హెచ్చరిక చూపుతుంది, అది సమంజసమే. అందువల్ల ఇప్పుడు మేము ఫోన్లు తమంతట తాము చేసుకునే పరీక్ష మీద ఆధారపడుతున్నాము: ఆండ్రాయిడ్ ఒక చిన్న చిరునామాను అడిగి నెట్ ఉందని తెలిపే 204 అనే జవాబు కోసం చూస్తుంది, అది రాకపోతే సైన్ ఇన్ చేయమని చూపిస్తుంది. ఇక్కడే మరో చిక్కు ఉంది. వైఫైలో నెట్ లేదని గ్రహించిన ఫోను చాలాసార్లు మొబైల్ డేటాకు మారిపోతుంది, అప్పుడు వచ్చినది మా ఖాతాదారేనని ఐపీ చిరునామాను బట్టి గుర్తించడం కుదరదు. కాబట్టి రీఛార్జ్ పేజీ ఏ దారిన వచ్చినవారినైనా ఫోన్ నంబరుతో గుర్తుపట్టగలగాలి.

అసలు కష్టం డబ్బు కట్టే దగ్గర మొదలవుతుంది. ఓటీపీ అడిగే పేజీ ఒక్కో బ్యాంకుకు ఒక్కో చిరునామాలో ఉంటుంది, ఆ పేజీ మళ్లీ ఇంకెక్కడి నుంచో స్క్రిప్టులు తెచ్చుకుంటుంది. అనుమతించిన చిరునామాల జాబితాను ఎంత శ్రద్ధగా రాసుకున్నా, ఏదో ఒక బ్యాంకు తన పేజీని మార్చిన రోజున ఖాతాదారుకు తెల్లటి ఖాళీ తెర తప్ప మరేమీ కనిపించదు. దీనిమీద మా బృందంలో చాలాకాలం వాదన నడిచింది. ఖాతాదారు చెల్లింపు బటన్ నొక్కగానే ఒక పావుగంట పాటు నెట్ మొత్తాన్ని తెరిచివేయడమే సరైన పరిష్కారమని నేను వాదించాను. నడుస్తున్న కనెక్షన్ హక్కులను మధ్యలో మార్చే ఏర్పాటు రేడియస్‌లో ఎప్పటి నుంచో ఉంది, దాన్ని వివరించే సాంకేతిక పత్రం ఆర్‌ఎఫ్‌సీ 5176 వచ్చినది 2008లో. ఉచితంగా వాడుకుంటారేమోనన్న లెక్కల విభాగం వారి భయం, ఒక బిల్లుకు ఒక్కసారే అన్న నియమంతో తీరిపోయింది.

ఇక లైనే పోయినప్పటి సంగతి. కొరుక్కుపేట, చాకలిపేట వైపు తెలుగు మాట్లాడే కుటుంబాలు చాలా ఉన్నాయి, నెల్లూరు, చిత్తూరు జిల్లాల నుంచి వచ్చిన మా సహోద్యోగులకు అక్కడి ఫోన్లు తరచూ అందుతాయి. "పేజీలో చూడమంటావేంది బాబూ, నెట్ వస్తే కదా చూసేది" అని ఒక పెద్దావిడ అన్న మాటను మించిన డిజైన్ సూత్రం నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. అంతరాయాల సమాచారం చెప్పే పేజీ మన నెట్‌వర్క్ లోపల ఉండకూడదు. దాని డొమైన్ పేరును తెలిపే సర్వర్లు కూడా మనవి కాకూడదు. 2017 ఫిబ్రవరి 28న అమెజాన్ ఎస్3 నిల్వ సేవ దెబ్బతిన్నప్పుడు, అమెజాన్ వారి స్థితి తెలిపే పేజీని సరిదిద్దే సాధనం కూడా ఎస్3 మీదనే ఆధారపడి ఉండటంతో, ఆ పేజీని కొంతసేపు మార్చలేకపోయారు. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్ తన డీఎన్ఎస్ సర్వర్లకు, అంటే డొమైన్ పేరును తెలిపే సర్వర్లకు, మిగతా నెట్‌వర్కుల నుంచి దారి చూపే బీజీపీ ప్రకటనలను ఉపసంహరించుకున్నప్పుడు, సేవలు దాదాపు ఆరు గంటలు ఆగిపోవడమే కాక, వాటిని బాగుచేయవలసిన ఇంజనీర్ల అంతర్గత సాధనాలు కూడా పనిచేయలేదు. అంత పెద్ద సంస్థలకే అలా జరిగిందంటే, చిన్న సంస్థలో పనిచేసే మేము మరింత జాగ్రత్తగా ఉండాలి.

చెన్నైలో ఈ మాటకు తుపాను బరువు కూడా తోడవుతుంది. 2016 డిసెంబరు 12న వర్దా తుపానుకు నగరంలో వేలాది చెట్లు కూలాయి. చెట్లు కూలితే వాటి వెంట గాలిలో వేలాడే ఫైబరూ తెగుతుంది. అటువంటి రోజున మా పేజీని ఖాతాదారు చూసేది మొబైల్ డేటా మీద, అది కూడా ఊరంతా ఒకేసారి వాడుతున్న టవర్ మీద. నెట్‌లో సమాచారాన్ని ముక్కలుగా పంపే పద్ధతి అయిన టీసీపీ తొలి విడతలో సాధారణంగా పది ప్యాకెట్లు, అంటే సుమారు 14 కిలోబైట్లు పంపుతుంది. అందుకే పేజీ మొత్తం ఆ పరిమితిలో ఇమడాలని మేము నియమం పెట్టుకున్నాము. తెలుగులో ప్రతి యూనికోడ్ సంకేతానికీ (అక్షరం, గుణింతపు గుర్తు వంటివి) వెబ్‌లో వాడే యుటిఎఫ్-8 పద్ధతిలో 3 బైట్లు పట్టినా, కుదించి పంపితే అది పెద్ద భారం కాదు. భారమల్లా వెబ్ ఫాంటుదే. ఆండ్రాయిడ్, విండోస్ రెండింటిలోనూ తెలుగు ఫాంట్లు ముందే ఉంటాయి గనుక ఈ పేజీకి వేరే ఫాంటు దింపవలసిన అవసరమే లేదు.

ఎస్సెమ్మెస్‌లో లెక్క వేరు. ఇంగ్లీషు సందేశానికి 160 అక్షరాలు పడితే, తెలుగు సందేశానికి 70 సంకేతాలే పడతాయి, అందులో ద్ధ లాంటి ఒక్క వత్తక్షరమే మూడింటిని తీసుకుంటుంది. 70 దాటితే ఒక సందేశం రెండుగా లెక్కకు వస్తుంది. ఈ కారణంతో ఇంగ్లీషుకే పరిమితమవుదామన్న ప్రతిపాదనను నేను ఒప్పుకోలేదు. కార్యాలయ భాషను వదిలి, మనం ఇంట్లో చెప్పుకునే పొట్టి మాటల్లో రాస్తే చాలావరకు సరిపోతుంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని ఇంకొకటుంది. ఇంట్లోని ఫైబర్ పెట్టెకు కరెంటు పోతే, అది ఆరిపోయే ముందు మిగిలిన కొద్దిపాటి శక్తితో తాను ఆరిపోతున్నానని ఒక చివరి సందేశం పంపుతుంది. ఫైబర్ తెగితే ఆ సందేశం రాదు. ఒక ఫైబర్‌ను పలు ఇళ్లకు పంచే స్ప్లిట్టర్ ఒకటి ఉంటుంది, ఒకే స్ప్లిట్టర్ మీది ఇళ్లన్నీ ఆ సందేశం లేకుండా ఒకేసారి మాయమైతే తీగ తెగిందని అర్థం. చివరి సందేశాలు పంపి మాయమైతే ఆ వీధిలో కరెంటు పోయిందని అర్థం. ఈ సమాచారం మా నెట్‌వర్క్ విభాగం తెరల మీద ఎప్పుడూ ఉండేది, ఖాతాదారుకు మాత్రం ఎవరూ చెప్పేవారు కాదు. ఇప్పుడు ఫోన్ నంబరు ఇస్తే మా పేజీ "మీ వీధిలో కరెంటు పోయింది, మీ లైను బాగానే ఉంది" అనో, "మీ వీధికి వచ్చే ఫైబర్ తెగింది, ఫిర్యాదు మేమే నమోదు చేశాము" అనో చెబుతుంది.

ఎప్పటికి బాగవుతుందన్న ప్రశ్నకు జవాబు ఇంకా కుదరలేదు. నాలుగు గంటలు అని ఒక అంకెను ముందే పెట్టెయ్యాలని కొందరంటారు. తెగిన ఫైబర్‌ను అతికే స్ప్లైసింగ్ యంత్రంతో మనిషి తెగిన చోటికి చేరి, యాప్‌లో ఆ మాట నమోదు చేసేవరకు ఏ సమయమూ చూపకూడదని, అప్పటిదాకా "మనిషి బయలుదేరాడు" అన్నది మాత్రమే చూపాలని నేను అంటున్నాను. వచ్చే వానాకాలానికి ముందు ఆ మార్పు రాసి పూర్తిచేయాలి.